పక్కన సెల్లారు తవ్వుతుంటే మన ఇల్లు కదులుతోందో లేదో కొలవడం ఎలా?

విజయనగరంలో కోట చుట్టుపక్కల, గంటస్తంభం వైపు పాత పెంకుటిళ్లు తీసేసి అపార్టుమెంట్లు కడుతున్నారు. శ్రీకాకుళంలోనూ అంతే. సెల్లారు గొయ్యి పక్కింటి గోడ దాకా వచ్చేస్తుంది. గోడ మీద నెర్రె కనబడ్డాక నాకు ఫోన్ వస్తుంది: "ఇది పాతదా, కొత్తదా?" ఆ ప్రశ్నకు జవాబు పొక్లెయిన్ రాకముందే కాగితం మీద ఉండాలి. తర్వాత ఎంత పెద్ద ఇంజనీరు వచ్చినా చెప్పలేడు. అందుకే ఈ పనిని ఇంటాయనా బిల్డరూ కలిసి, తవ్వకానికి కనీసం నెల ముందు మొదలుపెట్టాలి.

ఎంత దూరంలో ఉన్న ఇళ్లు చూడాలి?

గొయ్యి లోతు తెలిస్తే చాలు. ఒక సెల్లారుకు మూడు, మూడున్నర మీటర్లు. దాని కింద ఫుటింగుకు (స్తంభాల అడుగు పునాదికి) ఇంకో మీటరున్నర. మొత్తం ఐదు మీటర్లు అనుకుందాం. గట్టి నేలలో లోతుకు రెండింతల నుంచి మూడింతల దూరం వరకు మట్టి ఎంతో కొంత దిగుతుందని 1969లో పెక్ అనే ఇంజనీరు మొదలుకొని చాలామంది కొలిచి చూపించారు. అంటే పదిహేను మీటర్ల లోపలున్న ప్రతి ఇల్లూ లెక్కలోకి రావాలి. నేల మెత్తని బంకమట్టి అయితే ఇంకా ఎక్కువ. నాగావళి ఒడ్డున ఇసుక నేలలో మోటార్లు పెట్టి నీళ్లు తోడుతుంటే, ఆ ప్రభావం తవ్వకం కంటే చాలా దూరం పోతుంది.

సామాను

ఒక ఆటో లెవెల్ (ఎత్తుల తేడా చూసే దుర్బిణి లాంటి పరికరం, అద్దెకు దొరుకుతుంది), ట్రైపాడ్, అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేళ్లు ఒక డజను, వెర్నియర్ కాలిపర్, ఇత్తడి స్క్రూలు, ఎపాక్సీ, బరువు కట్టిన టేపు, బైండు చేసిన నోటుబుక్కు, పెన్సిలు. విడి కాగితాల మీద రాయకూడదు. ఫోన్‌లో బబుల్ యాప్ పెట్టి గోడ ఒరిగిందా అని చూసేవాళ్లున్నారు. దానితో ఈ పని కాదు.

ఇంటి ఫొటోలు

ప్రతి గదీ, ప్రతి గోడా, పైకప్పూ, పిట్టగోడా. ఉన్న నెర్రెలన్నిటికీ పక్కన స్కేలు పెట్టి, తేదీ కనబడేలా తీయండి. ఇంటివాళ్లూ బిల్డరు మనిషీ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒకరి సంతకమే ఉన్న కాగితాన్ని రెండోవారు ఒప్పుకోరు.

పాత నెర్రెలకు గుర్తులు

నెర్రె మీద గాజు ముక్క అతికించడం మన దగ్గర అలవాటు. మానేయండి. గాజు పగిలితే ఏదో కదిలిందని తెలుస్తుంది గానీ ఎంత కదిలిందో, ఎటు కదిలిందో తెలీదు. ఒక్కోసారి గోడ కదిలినా గాజు పగలదు, అతుకే ఊడుతుంది. ఎండకు, చలికి కూడా ఊడుతుంది. సున్నం పట్టీ వేసినా ఇదే సమస్య.

నెర్రెకు ఒక పక్క రెండు ఇత్తడి స్క్రూలు, రెండో పక్క ఒకటి, మూడూ కలిపితే త్రికోణం వచ్చేలా ఎపాక్సీతో బిగించాలి. వాటి మధ్య దూరాలు కాలిపర్‌తో కొలవాలి. నెర్రె వెడల్పయిందా, ఒక పక్క కిందికి జారిందా అన్నది ఆ అంకెలే చెబుతాయి. ఇనుప స్క్రూలు వద్దు. మన తీరం గాలికి ఒక వానాకాలంలోనే తుప్పు పట్టి తల లావవుతుంది.

బెంచ్ మార్కు: ఇక్కడే అందరూ చెడగొట్టేది

ఈ మొత్తం పనిలో కష్టమైనది ఇదొక్కటే. ఇల్లు దిగిందని చెప్పాలంటే, దిగనిది ఒకటి ఉండాలి. దాన్నే బెంచ్ మార్కు అంటాం. అదే కదిలితే మీరు రాసిన పుస్తకమంతా వృథా.

విజయనగరంలో ఒక సైట్లో వీధి కల్వర్టు మీద పెయింటు గీత పెట్టి, దాన్నే ఆధారంగా రోజూ కొలిచారు. నెల రోజులు రీడింగుల్లో మిల్లీమీటరు తేడా కూడా రాలేదు. ఆ ఇంటి పెద్దావిడ నాతో అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: "ఏటి బాబూ, రోజూ వచ్చి సూస్తన్నారు, ఏటీ కదల్నేదంతన్నారు. మరి నా పెరటి తలుపు ఎందుకు పడట్నేదు?" కల్వర్టు గొయ్యికి ఆరు మీటర్ల దూరంలో ఉంది. ఇల్లూ కల్వర్టూ కలిసి దిగుతున్నాయి. దూరంగా ఉన్న ఒక పాత సత్రం అరుగు మెట్టు నుంచి మళ్లీ లెవెల్ తెస్తే, ఇంటి మూల తక్కిన మూలల కంటే దిగిపోయి ఉంది. ఎప్పుడు మొదలైంది, ఎంత వేగంగా దిగింది అన్నది మాత్రం ఎవరికీ తెలీదు. తవ్వకానికి ముందు ఆ మెట్టు నుంచి ఎవరూ కొలవలేదు గదా.

కాబట్టి గొయ్యి లోతుకు కనీసం ఆరింతల దూరం పోండి. మూడింతలు చాలని పుస్తకాలు అంటాయి, నేను ఒప్పుకోను. ఐదు మీటర్ల గొయ్యికి ముప్ఫై మీటర్లు. ఇసుక నేలలో నీళ్లు తోడుతుంటే వంద మీటర్లు దాటాలి. కాంపౌండు గోడ, కరెంటు స్తంభం, చెట్టు, మురుగుకాలువ అంచు, కొత్తగా కట్టిన ఇల్లు, వీటి మీద బెంచ్ మార్కు పెట్టకూడదు. కొత్త ఇల్లు దాని బరువుకు అదే ఇంకా దిగుతూ ఉంటుంది. నల్లరేగడి నేలలో ఉన్న తేలికపాటి కట్టడమూ పనికిరాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. ఏళ్ల తరబడి నిలకడగా ఉన్న బరువైన కట్టడం, దాని రాతి పునాది వరస, అది కావాలి.

ఒకటి పెడితే సరిపోదు, మూడు కావాలి, అవీ మూడు వేరు వేరు దిక్కుల్లో. రెండే ఉండి వాటి మధ్య తేడా వస్తే ఏది కదిలిందో చెప్పలేరు. మూడుంటే రెండు కలిసి మూడోదాన్ని పట్టిస్తాయి. ఇంటి రీడింగు తీసే ముందు ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి సరిచూడాలి, ప్రతిసారీ.

ఇక స్కేళ్లు. మామూలు స్టాఫ్ (లెవెల్‌తో చూసే కొలతకర్ర) మీద ఐదు మిల్లీమీటర్ల గీతలుంటాయి, మధ్యలోది అంచనా. పైగా స్టాఫ్ పట్టుకునే కుర్రాడు నిటారుగా పట్టాలి. అందుకే స్టీలు స్కేళ్లను గోడకే అతికించేస్తాను. ఇంటి నాలుగు మూలలా, గొయ్యి వైపు గోడకు ప్రతి మూడు మీటర్లకూ ఒకటి, బెంచ్ మార్కుల దగ్గర ఒక్కొక్కటి. సున్నా కిందికి ఉండాలి. సున్నం పూత మీద కాదు, పూత గీకి ఇటుక మీదో కాలమ్ మీదో అతికించాలి. మొదటి రోజు లెవెల్ పెట్టి, లెవెల్ లోంచి చూస్తే కనబడే అడ్డ తీగ పడే ఎత్తులోనే స్కేలు మధ్యభాగం వచ్చేలా చూసుకోండి.

లెక్క ఇలా. బెంచ్ మార్కు స్కేలు మీద 142.0, ఇంటి మూల స్కేలు మీద 118.5. తేడా 23.5. వారం తర్వాత 151.0, 130.5. తేడా 20.5. మూల మూడు మిల్లీమీటర్లు దిగింది. లెవెల్ ఎత్తు రోజుకోలా ఉంటుంది కాబట్టి ఒక్క రీడింగుకు అర్థం లేదు, తేడాకే అర్థం. లెవెల్‌ను బెంచ్ మార్కుకూ ఇంటికీ సరిగ్గా సగం దూరంలో పెట్టండి. అప్పుడు పరికరంలో చిన్న లోపమున్నా రెండు వైపులా సమానంగా పడి కొట్టుకుపోతుంది. ఒక వైపు ఐదు మీటర్లు, ఇంకో వైపు నలభై మీటర్లు పెట్టి చూసేవాళ్లు లెవెల్ లోపాన్ని ఇంటి మీద రాస్తున్నారు. చివర్లో మళ్లీ బెంచ్ మార్కుకే వచ్చి ముగించాలి. ఒక మిల్లీమీటరుకు మించి తేడా వస్తే ఆ రోజు రీడింగు కొట్టేసి మళ్లీ తీయాలి.

మొదటి రీడింగులు

తవ్వకానికి ముందు కనీసం మూడు వేరు వేరు రోజుల్లో తీయాలి. పొద్దున్న ఆరు నుంచి ఏడు మధ్యే. పది మీటర్ల కాంక్రీటు స్లాబు పది డిగ్రీల వేడికి మిల్లీమీటరుకు పైగా సాగుతుంది. మే నెల మధ్యాహ్నం కొలిచిన నెర్రెనూ, తెల్లవారి కొలిచిన నెర్రెనూ పోల్చడం తప్పు. ఇల్లు రోజూ ఎంత ఊపిరి పీలుస్తుందో ఈ మూడు రోజుల్లో తెలుస్తుంది. అంతకు మించినదే కదలిక.

పెరట్లో నుయ్యి ఉంటే నీటిమట్టం కూడా రాయండి. తవ్వకం నుంచి నీళ్లు తోడే పైపు కింద రోజూ ఒక తెల్ల బకెట్టు పెట్టి కాసేపు ఆగండి. అడుగున ఇసుక చేరుతుంటే అది పక్కిళ్ల కింది మట్టి కావచ్చు.

ఎంతైతే ఆగాలి?

గోడ మీద నాలుగు మీటర్ల ఎడంలో ఉన్న రెండు గుర్తుల మధ్య ఎనిమిది మిల్లీమీటర్ల తేడా అంటే అయిదు వందల్లో ఒక వంతు. నెర్రెలు రాకూడదనుకునే గోడకు ఇదే హద్దని 1963 నుంచి వాడుకలో ఉంది. పదమూడు దాటితే మూడు వందల్లో ఒక వంతు, నెర్రెలు విడుస్తాయి. నేను పదమూడు దాకా పోనివ్వను. నాలుగు మిల్లీమీటర్లకే ఇంజనీరును పిలవాలి, ఎనిమిదికి పని ఆపాలి. గానుగ సున్నంతో కట్టిన పాత మండువా ఇంటికి అందులో సగం. ఈ అంకెలు పని మొదలుకాక ముందే రాసుకుని సంతకాలు చేయండి. నెర్రె వచ్చాక హద్దు ఎంతో మాట్లాడుకుంటే గొడవే మిగులుతుంది.

మొత్తం కంటే వేగం ముఖ్యం. నెలలో మూడు మిల్లీమీటర్లు దిగితే చూస్తూ ఉండొచ్చు. ఒక్క రాత్రిలో మూడు దిగితే, పొక్లెయిన్ ఆపి, ఇంజనీరు వచ్చేలోగా తవ్విన మట్టిని గోడ వైపు గొయ్యిలోకి తిరిగి తోయించండి.

రీడింగులు ఎప్పటిదాకా?

తవ్వుతున్నంత కాలం రోజూ, వాన పడిన మర్నాడు రెండుసార్లు, సెల్లారు గోడ లేచాక వారానికోసారి. తవ్వకం సంక్రాంతి తర్వాత మొదలై మృగశిర కార్తెలోపు నేల మట్టానికి వచ్చేయాలని నేను పట్టుబడతాను. తెరిచిన గొయ్యితో అక్టోబరు తుఫాన్లలోకి పోకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఎలా తడిసిందో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గోడ పక్క మట్టి పూడ్చాక కూడా ఒక పూర్తి వానాకాలం గడిచేదాకా నెలకోసారి కొలవండి. స్కేళ్లను ఆ తర్వాతే పీకండి.