ఈదురుగాలి రాకముందే చేయవలసిన పనులు

ఏప్రిల్, మే నెలల్లో పగలంతా ఉక్కపోసి, సాయంత్రానికి ఒక దిక్కున మబ్బు నల్లగా కమ్మినప్పుడు, మొదట వీచే చల్లగాలి కోసం చాలామంది హాయిగా వాకిట్లోకి వస్తారు. నిజానికి లోపలికి వెళ్లవలసిన సమయం అదే. ఉరుములు, మెరుపులు తెచ్చే ఎత్తైన నల్లమబ్బు, అంటే క్యుములోనింబస్ మేఘం నుంచి కురిసే వానలో కొంత దారిలోనే ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. అలా బరువెక్కిన గాలి వేగంగా దిగి, నేలను తాకి నలువైపులకూ పరుచుకుంటుంది. అందుకే వాన కంటే ముందు గాలి వస్తుంది. చల్లదనం తగిలాక మనకు మిగిలేవి కొద్ది నిమిషాలే.

కాబట్టి పనులన్నీ మధ్యాహ్నంలోపే ముగించుకోవాలి. ఉదయాన్నే వాతావరణ శాఖ మీ జిల్లాకు ఇచ్చిన హెచ్చరికను చూడండి. పసుపు రంగు ఉంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ ఉంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు ఉంటే వెంటనే జాగ్రత్తపడమని అర్థం. పిడుగుల సమాచారానికి దామిని యాప్ ఉపయోగపడుతుంది.

రేకుల ఇంట్లో ఉండేవారు అన్నిటికంటే ముందు కప్పును చూసుకోవాలి. గాలి వేగం రెట్టింపైతే దాని తాకిడి నాలుగు రెట్లవుతుంది. పైగా గాలి వీచే వైపు తలుపు తెరిచి ఉంటే లోపలికి చొరబడిన గాలి రేకులను కిందినుంచి నెడుతుంది, పైనుంచి పోయే గాలి వాటిని లాగుతుంది. రేకులమీద రాళ్లు పెట్టడం మన ఊళ్లలో అలవాటే గాని, రేకు లేచినప్పుడు ఆ రాళ్లే మనుషులమీద పడతాయి. వదులైన బోల్టులను వేసవికి ముందే బిగించి, బరువు కావాలనుకుంటే ఇసుక బస్తాలను తాడుతో కట్టి ఉంచడం మేలు.

కల్లంలో ధాన్యం ఉంటే టార్పాలిన్ కప్పితే చాలదు, అంచులమీద మట్టి వేసి పైనుంచి తాళ్లు బిగించాలి. గెల వేసిన అరటికి వెదురు గాని సరుగుడు కర్రలు గాని ఊతమివ్వాలి. పక్వానికి వచ్చిన మామిడికాయను కోసేయడమే మంచిది. పశువులను చెట్టు కింద కట్టకూడదు.

గాలి మొదలయ్యాక కిటికీలకు దూరంగా గట్టి గదిలో ఉండాలి. బయట చిక్కుకున్నవారు చెట్లు, పాత ప్రహరీలు, హోర్డింగుల దగ్గర నిలబడకూడదు. 2024 మే 13న ముంబయిలోని ఘాట్కోపర్‌లో ఇలాంటి గాలికే పెట్రోలు బంకుమీద భారీ హోర్డింగ్ కూలి 17 మంది మరణించారు. ద్విచక్ర వాహనంమీద ఉన్నవారు బండి ఆపి, దగ్గరలోని పక్కా భవనంలోకి వెళ్లాలి.

చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాల వరకు బయటికి రాకండి. పొలానికి చీకట్లో వెళ్లవద్దు, తెగిన కరెంటు తీగ తడినేలలో కనిపించదు. అలాంటి తీగ కంటపడితే దూరంగా నిలిచి, ఇతరులను రానివ్వకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. తీగ పక్కన గేదె పడి ఉన్నా, సరఫరా ఆపామని లైన్‌మన్ చెప్పేవరకు దాన్ని ముట్టుకోకండి.