200 కిలోమీటర్ల సైకిల్ ప్రయాణం: నొప్పి ఎక్కడ, తప్పెక్కడ

మొదటి బ్రెవేకి, అంటే నిర్ణీత గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణానికి, పేరిచ్చినవాళ్లు ఎక్కువగా కాళ్ల బలం గురించే టెన్షన్ పడతారు. 200 కిలోమీటర్లకు గడువు 13 గంటల 30 నిమిషాలు. తినడానికి, నీళ్లు పట్టుకోవడానికి ఆగిన సమయం కలుపుకున్నా గంటకు 15 కిలోమీటర్లు సాగితే చాలు. కొన్ని నెలలు క్రమంగా తొక్కినవాళ్ల కాళ్లు, ఊపిరి దీనికి తట్టుకుంటాయి. దారిలో ఆపేయించేవి చేతులు, మోకాళ్లు, పిరుదులు, కడుపు. పెడల్ గంటకు ఇంచుమించు 5 వేల సార్లు తిరుగుతుంది కాబట్టి, గంటసేపు తొక్కినప్పుడు తెలియని చిన్న తేడా పదో గంటకు భరించలేని నొప్పి అవుతుంది. పైగా నొప్పి ఒకచోట ఉంటే, తప్పు తరచూ ఇంకోచోట ఉంటుంది.

చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారడం

చాలామంది వెంటనే మందపాటి గ్లవ్స్ కొంటారు. వాటితో కొంత ఊరట ఉంటుంది కానీ జబ్బు పోదు. మణికట్టు దగ్గర అరచేతి అంచున వెళ్లే అల్నార్ నరం హ్యాండిల్ కింద నలగడం వల్ల ఈ తిమ్మిరి వస్తుంది. ఒంటి బరువంతా చేతుల మీదకు ఎందుకు వస్తోందో చూడాలి. సీటు ముందు కొస కిందికి వంగి ఉంటే మీరు తెలియకుండానే ముందుకు జారుతుంటారు, ఆ జారుడును చేతులు ఆపుతుంటాయి. సీటును సమతలంగా పెట్టండి. అయినా తగ్గకపోతే హ్యాండిల్ కొంచెం పైకి లేపండి, లేదా పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్క) వేయించండి. మోచేతులు బిగబట్టకుండా, పది నిమిషాలకోసారి పట్టు మార్చుతూ తొక్కాలి.

మోకాలి నొప్పి

ముందు నొప్పి ఎటువైపో తేల్చుకోవాలి. చిప్ప చుట్టూ, ముందువైపు నొప్పి ఉంటే సీటు కిందికి ఉందని, లేదా పెద్ద గేరులో బలవంతంగా తొక్కుతున్నారని మొదట అనుమానించాలి. వెనకవైపు లాగుతుంటే సీటు మరీ ఎత్తుగా ఉండొచ్చు. బయటి పక్కన మంటగా ఉంటే, షూ కింది క్లీట్ (షూను పెడల్‌కు బిగించే ముక్క) పాదాన్ని అసహజమైన కోణంలో పట్టి ఉంచుతోందేమో చూడండి.

సీటు ఎత్తు ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. గోడను పట్టుకుని సైకిలెక్కి, మడమను పెడల్ మీద పెట్టి వెనక్కి తిప్పండి. పెడల్ అట్టడుగుకు వచ్చినప్పుడు కాలు పూర్తిగా చాపుకోవాలి, నడుము మాత్రం పక్కకు ఒరగకూడదు. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు సహజంగా కొంచెం వంగుతుంది. మార్చే ముందు సీటు గొట్టం మీద టేపు ముక్క అంటించి పాత ఎత్తు గుర్తుపెట్టుకోండి. ఒక్కసారికి 3 మిల్లీమీటర్లకు మించి కదపొద్దు, ఒకేరోజు సీటూ క్లీటూ రెండూ మార్చొద్దు. మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. దారి మధ్యలో నొప్పి మొదలైతే గేరు తగ్గించి, నిమిషానికి 80–90 సార్లు తేలికగా తిప్పండి. తొక్కేకొద్దీ పెరిగే నొప్పైతే ఆ రోజుకు ఆపేయడమే తెలివి.

కూర్చునేచోట మంట, కురుపులు

ఒరిపిడి, చెమట, ఒత్తిడి కలిస్తే వచ్చేవి ఇవి. మెత్తటి సీటు వేయిస్తే పోతుందనుకోవడం పెద్ద భ్రమ. మెత్తని సీటులో ఎముకలు దిగబడి, మధ్యలోని సున్నితమైన భాగం నలుగుతుంది. కూర్చునే ఎముకల వెడల్పుకు సరిపోయే సీటు కావాలి. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు, ఒరుసుకునే చోట క్రీము రాసుకోవాలి. మర్మాంగాల దగ్గర తిమ్మిరెక్కితే వెంటనే లేచి నిలబడి తొక్కండి. దాన్ని ఓర్చుకోవడం మంచిది కాదు.

అరికాలి మంట

గంటలు గడిచేకొద్దీ పాదాలు ఉబ్బుతాయి. షూ పట్టీలు వదులు చేయండి.

ఉన్నట్టుండి సత్తువ పోవడం, చిరాకు, వణుకు

సైక్లిస్టులు బాంక్ అనేది దీన్నే. కండరాల్లో, కాలేయంలో ఒళ్లు శక్తి కోసం దాచుకున్న గ్లైకోజెన్ గట్టిగా తొక్కితే రెండు గంటల్లోనే అడుగంటవచ్చు. కొండెక్కుతుండగా కాళ్లు చచ్చుబడి, ఎవరి మీదో కారణం లేకుండా కోపమొస్తుంటే అది మనస్తత్వం కాదు, ఆకలి. ఆగి ఏదైనా తీపి తినండి, పావుగంటలో తేడా తెలుస్తుంది. ఆకలి వేసేదాకా ఆగకుండా మొదటి గంట నుంచే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు అందేలా కొంచెం కొంచెంగా తింటుంటే ఆ పరిస్థితి దాదాపు రాదు.

తలనొప్పి, వికారం

మూత్రం ముదురు రంగులో ఉండి దాహంగా ఉంటే నీళ్లు చాలడం లేదు. కానీ కడుపు ఉబ్బరంగా ఉండి, వేళ్లు వాచి, వాచీ పట్టీ బిగుసుకుందంటే కథ వేరు. ఉప్పు లేని నీళ్లు మరీ ఎక్కువ తాగడం వల్ల రక్తంలో సోడియం పడిపోయి ఉండొచ్చు. అప్పుడు ఇంకా నీళ్లు తాగితే ప్రమాదం. తాగడం ఆపి, ఉప్పగా ఏదైనా తినండి. మాట తడబడినా, అయోమయంగా ఉన్నా ఆసుపత్రికే వెళ్లాలి.

మెడ, నిద్ర

ఇవి 200లో అరుదు, 400 దాటాక అసలు సమస్యలు. 1891లో మొదలైన, ఫ్రాన్స్‌లో జరిగే సుదూర సైకిల్ యాత్ర పారిస్–బ్రెస్ట్–పారిస్‌లో ఇప్పుడు 1200 కిలోమీటర్లకు గరిష్ఠ గడువు 90 గంటలు. అంత దూరాల్లో కొందరికి మెడ కండరాలు పూర్తిగా అలసి తల నిలబడదు. హ్యాండిల్ ఎత్తు పెంచడం, హెల్మెట్ మీద బరువైన లైటు తగిలించకపోవడం ముందు జాగ్రత్తలు. తల వాలిపోతుంటే ఆపేయాలి, ఎందుకంటే రోడ్డు కనబడదు. ఇక నిద్ర తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య ముంచుకొస్తుంది. గత కిలోమీటరు ఎలా గడిచిందో గుర్తులేకపోతే మీరు సైకిల్ మీద కునుకు తీసినట్టే. కాఫీ తాగి నెట్టుకురాకుండా, రోడ్డుకు దూరంగా చోటు చూసుకుని అలారం పెట్టుకుని 20 నిమిషాలు పడుకోండి. లేచాక మత్తు వదిలేదాకా కాసేపు నడిచి, ఆ తర్వాతే సైకిలెక్కండి.