మధ్య ధర బైనాక్యులర్, ఖరీదైన బైనాక్యులర్: పక్కపక్కన పెట్టి తేడా తేల్చుకోవడం ఎలా?

పిట్టలు చూసే అలవాటు ముదిరిన ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ముప్పై నలభై వేల బైనాక్యులర్ సరిపోతుందా, రెండు మూడు లక్షలు పెట్టి స్వరోవ్‌స్కీనో జైస్‌నో తెచ్చుకోవాలా? షాపు కౌంటర్ దగ్గర నిలబడి ట్యూబులైటు వెలుగులో ఎదుటి గోడను చూస్తే దీనికి జవాబు దొరకదు. అక్కడ రెండూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. తేడా బయటపడే సందర్భాలు కొన్నే: ఎదురెండ, తెల్లటి ఆకాశం, దృశ్యం అంచులు, గంటల తరబడి వాడకం. రెండిటినీ అక్కడికే తీసుకెళ్లి చూడాలి.

ఒక పూట సమయం పెట్టుకోండి. ఖరీదైనది చేతికి రావాలంటే హైదరాబాద్‌లో డెక్కన్ బర్డర్స్ లాంటి బృందాలతో పిట్టల నడకకు వెళ్లడం మంచి దారి. మర్యాదగా అడిగితే పది నిమిషాలు చూడనిచ్చేవాళ్లు దొరుకుతారు. మీది మీరు పట్టుకెళ్లండి, రెండూ ఒకేచోట చూడండి.

1. ఒకే కొలత ఉన్నవే పోల్చండి

8×42 అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు లెన్స్ వ్యాసం 42 మిల్లీమీటర్లు. 8×42 ఒకటి, 10×42 ఒకటి తీసుకుని పోలిస్తే లాభం లేదు. పదిరెట్లదాంట్లో పిట్ట పెద్దగా కనబడుతుంది, చేతి వణుకూ పెద్దదవుతుంది, దృశ్యం వెడల్పు తగ్గుతుంది. అద్దాల నాణ్యత ఏమిటో, కొలత ప్రభావం ఏమిటో విడదీయలేరు. రెండూ 8×42 అయితే కంట్లోకి వచ్చే వెలుగు వలయం కొలత ఒకటే: 42ను 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు. ఇక మిగిలే తేడా పనితనానిదే. మధ్య ధరలో నికాన్ మోనార్క్ ఎం7, వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ. పై ధరలో స్వరోవ్‌స్కీ ఎన్ఎల్ ప్యూర్, జైస్ విక్టరీ ఎస్ఎఫ్, లైకా నాక్టివిడ్. వీటన్నిటిలోనూ 8×42 ఉంది.

2. రెండిటినీ మీ కళ్లకు సరిగ్గా అమర్చుకోండి

పోలికలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. వేరేవాళ్ల కళ్లకు సరిచేసి ఉన్న రెండు లక్షల బైనాక్యులర్ మీ చేతిలో పాతికవేలదానికంటే మసకగా కనిపిస్తుంది.

ముందు లెన్సులు తుడవండి. వేలిముద్ర ఉన్న ఐపీస్‌తో (కంటివైపు లెన్స్‌తో) చూసి "కాంట్రాస్ట్ లేదు" అని తేల్చేసేవాళ్లు చాలామంది. తర్వాత రెండు గొట్టాలనూ మడతబందు దగ్గర దగ్గరికీ దూరానికీ కదిపి, రెండు వలయాలు కలిసి ఒకే గుండ్రం అయ్యేదాకా సరిచేయండి. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఐకప్‌లను (ఐపీస్ చుట్టూ తిరిగే అంచులను) పూర్తిగా కిందికి తిప్పాలి, లేనివాళ్లు పైకి. చూస్తుండగా పక్కల నుంచి నల్లటి చిక్కుడుగింజ ఆకారపు నీడలు వస్తూ పోతూ ఉంటే ఐకప్ ఎత్తు కుదరలేదని అర్థం. ఒక మెట్టు పైకి తిప్పి చూడండి.

ఇక డయాప్టర్, అంటే రెండు కళ్ల చూపులో తేడాను సరిచేసే చక్రం. సాధారణంగా కుడి ఐపీస్ దగ్గర, కొన్ని ఖరీదైనవాటిలో మధ్యనున్న ఫోకస్ చక్రంలోనే ఉంటుంది. యాభై మీటర్ల దూరంలో అక్షరాలున్న బోర్డును ఎంచుకోండి. కుడివైపు ముందు లెన్స్‌ను అరచేత్తో మూసి, రెండు కళ్లూ తెరిచే ఉంచి, మధ్య చక్రంతో ఎడమ కంటికి ఫోకస్ చేయండి. తర్వాత ఎడమ లెన్స్ మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా డయాప్టర్ మాత్రమే తిప్పండి. ప్లస్ గుర్తు చివరి నుంచి మొదలుపెట్టి మెల్లగా రండి, అక్షరాలు మొదటిసారి స్పష్టమైన చోటే ఆపేయండి. ముందుకూ వెనక్కూ తిప్పుతూ పోతే కన్నే సర్దుకుపోయి మిమ్మల్ని మోసం చేస్తుంది. ఒక కన్ను గట్టిగా మూసుకుని చేస్తే రెండో కన్ను కూడా బిగుసుకుంటుంది, కొలత తప్పుతుంది. అందుకే లెన్స్‌నే మూయమంటున్నాం.

3. రెండు గొట్టాలూ ఒకే చోటికి చూస్తున్నాయా?

దూరంగా అడ్డంగా ఉన్న గీత ఒకటి చూడండి. డాబా పిట్టగోడ అంచు చాలు. దానిమీద ఫోకస్ చేసి, బైనాక్యులర్‌ను కళ్ల నుంచి పది పదిహేను సెంటీమీటర్లు మెల్లగా వెనక్కి తీయండి. రెండు చిన్న వలయాలు విడివిడిగా కనిపిస్తాయి. రెండింటిలోనూ గీత ఒకే ఎత్తులో ఉండాలి. ఒకదాంట్లో మెట్టుగా దిగితే గొట్టాల వరస తప్పిందన్నమాట. కాసేపు చూస్తే కంటికి తెలియదు, గంట చూస్తే కణతలు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. ధర పెరిగేకొద్దీ ఈ లోపం అరుదవుతుంది గానీ, కిందపడిన బైనాక్యులర్‌కు ధరతో పనిలేదు. వాడినది కొంటుంటే ఈ పరీక్ష తప్పనిసరి.

4. తెల్లటి ఆకాశం మీద నల్లటి పిట్ట

కొల్లేరు ఆటపాకలో ఉదయం పదింటికి మోడు మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి కంటే మంచి పరీక్ష లేదు. ఇంటి దగ్గరైతే కరెంటు తీగమీద కూచున్న ఏట్రింతో కాకో చాలు. వెనక ఆకాశం మబ్బుపట్టి తెల్లగా ఉండాలి. పిట్టను సరిగ్గా మధ్యలో పెట్టి దాని ఒంటి అంచును చూడండి. ఒక పక్క ఊదా రంగు, ఇంకో పక్క పచ్చటి రంగు గీతలా కనిపిస్తే అది రంగుల చెదురు. ఒక్కో రంగు కాంతి ఒక్కోచోట కేంద్రీకరించడం వల్ల వస్తుంది. ఈడీ గాజు (రంగులను తక్కువగా చెదరగొట్టే గాజు) వాడేది దాన్ని తగ్గించడానికే.

తర్వాత బైనాక్యులర్‌ను మెల్లగా పక్కకు జరిపి పిట్టను దృశ్యం అంచు దాకా తీసుకెళ్లండి. మంచి మధ్య ధరవాటిలో మధ్యలో రంగు దాదాపు ఉండదు, సగం దూరం దాటాక మొదలవుతుంది. ఖరీదైనవాటిలోనూ అంచున కొంత ఉంటుంది, "అసలు లేదు" అనే మాట నమ్మవద్దు. కొందరి కళ్లు ఈ రంగును వెంటనే పడతాయి, కొందరికి చూపించినా కనిపించదు. మీకు కనిపించకపోతే దానికోసం డబ్బు పెట్టనక్కర్లేదు. గొట్టాల మధ్య దూరం మీ కళ్లకు సరిపోకపోయినా ఇదే రంగు వస్తుంది కాబట్టి, కనిపించగానే ముందు రెండో మెట్టుకు వెళ్లి సరిచూసుకోండి.

5. ఎదురెండ: అసలు తేడా ఇక్కడ

ఈ ఒక్క పరీక్షకే సమయం ఉన్నా సరే, ఇది చేయండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు పులికాట్ మీదుగా వెళ్లే దారిలో ఉదయం పూట ఎండ ముఖానికి ఎదురుగా ఉంటుంది. చలికాలంలో ఆ బురదలో చిన్నచిన్న ఉల్లంకి పిట్టలు పరిగెడుతుంటాయి. లిటిల్ స్టింట్ కాళ్లు నల్లగా ఉంటాయి, టెమ్మింక్స్ స్టింట్ కాళ్లు పసుపు పచ్చగా ఉంటాయి. పిచ్చుకంత పిట్ట, పుల్లల్లాంటి కాళ్లు, చుట్టూ మెరిసే నీళ్లు. ఆ కాళ్ల రంగు తెలిసిందా లేదా అన్నదే మీ పరీక్ష.

చెయ్యి చాచి కొలిస్తే సూర్యుడికి కనీసం రెండు మూడు జానల దూరం వదిలి, కిందుగా నీడలో ఉన్న గట్టునో బురదనో చూడండి. పొరపాటున కూడా బైనాక్యులర్‌ను సూర్యుడి మీదకు తిప్పకండి, కన్ను శాశ్వతంగా పోతుంది. బాగా లేని బైనాక్యులర్‌లో దృశ్యం కింది భాగాన నెలవంకలా బూడిదరంగు తెర కమ్ముతుంది. నల్లటివన్నీ బూడిద రంగుకు తిరుగుతాయి, కాళ్ల రంగు అందులో కొట్టుకుపోతుంది.

కారణం కళ్లారా చూడాలంటే, ఆకాశం వైపు పట్టుకుని కంటి నుంచి ముప్పై సెంటీమీటర్ల దూరంలో ఐపీస్‌లోకి చూడండి. మధ్యలో వెలుగు వలయం ఉంటుంది. దాని చుట్టూ కటిక నలుపు ఉంటే మంచిది. పక్కన వెలుగు చీలికలు, మెరిసే లోహపు అంచులు కనిపిస్తే ఆ వెలుగే ఎదురెండలో తెరగా కమ్మేది. గొట్టం లోపల అడ్డుపలకలు, నల్లపూత, లెన్స్ అంచులకు రంగు ఇవన్నీ ఓపికతో చేసే పని, ఆ ఓపికకే ధర. అయినా లక్షలు పెట్టినంత మాత్రాన ఇది తప్పక బాగుంటుందని కాదు. కొన్ని ఖరీదైన మోడళ్లలో కూడా ఐకప్ ఎత్తు ఒక మెట్టు మారగానే తెర వచ్చిపడుతుంది. మీ కళ్లతోనే చూడాలి.

6. మసక వెలుతురు

ఇక్కడ చాలామంది తప్పుగా ఆశిస్తారు. మంచి మధ్య ధరది వెలుగులో 85 నుంచి 90 శాతం దాకా లోపలికి పంపుతుంది, ఖరీదైనది 90 పైన. ఆ నాలుగైదు శాతం తేడాను కన్ను పట్టడం కష్టం. సాయంత్రం రెండింతలు వెలుగుగా కనిపిస్తుందని ఎవరైనా చెబితే అది మాటే. పొద్దుగూకాక కనిపించేది కాంట్రాస్ట్ తేడా: చింతచెట్టు నీడలో గుడ్లగూబ ఛాతీ మీది చారలు విడివిడిగా తెలుస్తున్నాయా, కలిసిపోయాయా? సూర్యుడు దిగిన పది నిమిషాలకు మొదలుపెట్టి, రెండు నిమిషాలకోసారి బైనాక్యులర్లు మార్చుకుంటూ అదే కొమ్మను చూడండి. ఏది ముందు చేతులెత్తేస్తుందో, ఎన్ని నిమిషాల తేడాతోనో రాసుకోండి. ఆ నిమిషాలే మీరు కొనేవి.

ఈ అంతరం ఇంతగా తగ్గడానికి కారణం ఉంది. తిన్నటి గొట్టాలుండే రూఫ్ ప్రిజంలో కాంతి రెండు పాయలుగా చీలి, కలిసేటప్పుడు లయ తప్పి స్పష్టత తగ్గేది. దాన్ని సరిచేసే ఫేజ్ కోటింగ్‌ను 1988లో జైస్ తెచ్చింది. ఒకప్పుడు లక్షలవాటికే ఉన్న ఆ పూత, 99 శాతానికి పైగా కాంతిని తిప్పికొట్టే డైఎలెక్ట్రిక్ అద్దం పూత ఇప్పుడు మధ్య ధరలోనే వస్తున్నాయి. కొనేముందు పెట్టె మీద ఈ రెండు మాటలూ ఉన్నాయో లేదో చూడండి.

7. వెడల్పు, అంచులు

వెయ్యి మీటర్ల దూరంలో ఎన్ని మీటర్ల వెడల్పు కనిపిస్తుందో చూసుకోండి. 8×42లలో మోనార్క్ ఎం5కి 112, ఎం7కి 145, విక్టరీ ఎస్ఎఫ్‌కు 148, ఎన్ఎల్ ప్యూర్‌కు 159. కనిపించే వైశాల్యం వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఎం5 నుంచి ఎం7కి మారితే దాదాపు మూడింట రెండు వంతులు ఎక్కువ దొరుకుతుంది. ఎం7 నుంచి ఎన్ఎల్ ప్యూర్‌కు మారితే 20 శాతమే. చిన్న ఖర్చుతో వచ్చేదే పెద్ద లాభం.

అయితే ఆ వెడల్పంతా పనికొస్తుందా? ఇటుక గోడను చూడండి. మధ్యలో ఫోకస్ చేసి అంచు ఇటుకలను గమనించండి. మసకగా ఉంటే చక్రం కాస్త తిప్పండి. స్పష్టమైతే అది దృశ్యం వంపు, కుర్ర కళ్లు తమంతట తామే సర్దుకోగలవు. ఎంత తిప్పినా తేరుకోకపోతే అది లెన్స్ లోపం. ఎస్ఎఫ్, ఎన్ఎల్ అంచుల దాకా చదునుగా ఉంచుతాయి. చెరువు మీద వందల బాతుల్లో ఒక్క వేరేదాన్ని వెతికేవాళ్లకు అది వరం. కానీ అలాంటి చదును దృశ్యాన్ని వేగంగా పక్కకు తిప్పితే కొందరికి గ్లోబు దొర్లినట్టు అనిపించి కళ్లు తిరుగుతాయి. కొనేముందు ఒడ్డు పొడవునా రెండు మూడుసార్లు తిప్పి చూసుకోండి.

8. చేతికి తెలిసేవి

ఫోకస్ చక్రాన్ని ఒక్క వేలితో తిప్పండి. దిశ మార్చినప్పుడు కొంచెం వదులుగా తిరిగి తర్వాత పట్టుకుంటే, పసిరిక పిట్ట తీగమీంచి ఎగిరి పురుగును పట్టి తిరిగొచ్చేలోపు మీ ఫోకస్ రాదు. దగ్గరి దూరం కూడా చూడండి: ఎం7కి 2.5 మీటర్లు, ఎన్ఎల్ ప్యూర్‌కు 2, ఎస్ఎఫ్‌కు 1.5. సీతాకోకచిలుకలనూ చూసేవాళ్లకు ఈ మీటరు ముఖ్యం.

బరువు విషయంలో ఖరీదైనది ఓడిపోతుంది. ఎం7 సుమారు 670 గ్రాములు, ఎస్ఎఫ్ 780, ఎన్ఎల్ ప్యూర్ 840. మెడకు వేలాడదీసి మూడు గంటలు నడిచాక ఆ 170 గ్రాములు తెలుస్తాయి. భుజాలకు తగిలించే పట్టీ వాడితే ఏదైనా తేలికే, దాని ఖర్చు కూడా కలుపుకోండి.

9. డబ్బు లెక్క

ఎదురెండ పరీక్షలో కాళ్ల రంగు మీ దాంట్లో తెలియక ఎదుటిదాంట్లో తెలిస్తే, మీరు వారం వారం నీటిపిట్టల కోసమే తిరుగుతుంటే, ఖరీదైనది కొనడం సబబే. అది ఇరవై ఏళ్లు పని చేసే వస్తువు. పార్కుల్లో, పొలాల్లో నెలకోసారి చూసేవాళ్లకు మంచి మధ్య ధరది చాలు, మిగిలిన డబ్బుతో కొల్లేరు, తేలినీలాపురం, నేలపట్టు తిరగవచ్చు. పదిహేను వేలది ఉండి ఎటూ తేలనివాళ్లు ముందు నలభై వేలదానికి ఎక్కండి, పెద్ద మెట్టు అదే.

కొనేటప్పుడు షాపులో చూసిన డెమో పీసును నమ్మి సీలు పెట్టెతో ఇంటికి రావద్దు. మీకిచ్చే పీసునే బయటికి తీయించి పిట్టగోడ పరీక్ష, ఐపీస్ చీలికల పరీక్ష చేయండి. వారంటీ కార్డు మీది సీరియల్ నంబరు బైనాక్యులర్ మీదిదాంతో కలుస్తోందో లేదో, ఆ వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో బిల్లు కట్టకముందే అడగండి. ఇంటికి తెచ్చాక తోలుసంచిలో మూసిపెట్టకుండా సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచండి. తేమ చేరకుండా లోపల నత్రజని నింపారు కదా అనుకోవద్దు, కోస్తా తేమకు బూజు పట్టేది బయటి అద్దాలకు కూడా.