అడ్వెంచర్ స్కూటర్ వణుకుతోందా, లాగట్లేదా? ముందు ఇవి చూడండి

కంప్లయింట్ ఎప్పుడూ ఒకటే. "సిగ్నల్ దగ్గర కదిలించగానే బండి గజగజ వణుకుతోంది, కొన్నప్పటి లాగుడు లేదు, మైలేజ్ కూడా పడిపోయింది." వెంటనే చేయించిన పనుల జాబితా వస్తుంది: ప్లగ్ మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, ఇంజెక్టర్ క్లీన్ చేయించారు, చివరికి పెట్రోల్ బంకు కూడా మార్చి చూశారు. టైర్లో గాలి ఎంతుందని అడిగితే మాత్రం "మొన్ననే కొట్టించా" అంటారు. ఆ మొన్న పోయిన నెల అయి ఉంటుంది.

గాలి

అడ్వెంచర్ స్కూటర్లకు, అంటే మట్టి దారులూ ఎక్కేలా ఎత్తుగా, గరుకు టైర్లతో వచ్చే బండ్లకు, టైర్లు వెడల్పు. 2025 జనవరిలో వచ్చిన హీరో జూమ్ 160నే తీసుకోండి. ముందు 120/70-14, వెనక 140/60-14 (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు), దానికి తోడు బ్లాక్ ప్యాటర్న్, అంటే గడులు గడులుగా ఉండే గరుకు టైరు. ఇంత లావు టైర్లో కొంచెం గాలి తగ్గినా కంటికి ఆనదు. హ్యాండిల్ బరువెక్కుతుంది, యాక్సిలరేటర్ వదలగానే బండి ఆగిపోతున్నట్టు అనిపిస్తుంది, మైలేజ్ తగ్గుతుంది. పంక్చర్ షాపులో మామూలు స్కూటర్లకు కొట్టే లెక్కే దీనికీ కొట్టేస్తారు. బండి మీద ఉన్న స్టిక్కరో మాన్యువలో చూసి, సింగిల్‌కి ఎంత, డబుల్స్‌కి ఎంత అన్నది మీరే చెప్పి కొట్టించండి. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు.

బ్రేకు పట్టేయడం

సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపి, వెనక చక్రం చేత్తో తిప్పండి. ముందు చక్రాన్నీ పైకి లేపి అలాగే తిప్పండి. డిస్క్ బ్రేకున్న చక్రం గరగరమంటూ వెంటనే ఆగిపోతే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే భాగం) పిన్నుల్లో బురద ఎండిపోయి ఉండొచ్చు. విప్పి, తుడిచి, పిన్నులకు బ్రేక్ గ్రీజు రాస్తే సరిపోతుంది. ప్యాడ్ మీద, డిస్క్ మీద గ్రీజు చెయ్యి పెట్టకండి.

అసలు దొంగ: బెల్ట్ పెట్టె

పై రెండూ బాగానే ఉన్నాయా? అయితే వణుకు ఏ వేగంలో వస్తోందో గమనించండి. కదిలించినప్పటి నుంచి 15, 20 కిలోమీటర్ల వేగం దాకా వణికి, తర్వాత మాయమైతే అది క్లచ్. ఇంజిన్ అరుస్తున్నా బండి ముందుకు పోకపోతే బెల్ట్ జారుతోంది. అన్ని వేగాల్లోనూ ఊగితే టైరో, రిమ్మో. ఇంకో గుర్తు: పొద్దున చల్లటి బండికి ఏమీ ఉండదు, ట్రాఫిక్‌లో పావుగంట నలిగాక మొదలవుతుంది, హైవే ఎక్కితే సర్దుకుంటుంది. సర్వీస్ సెంటర్లో రాత్రంతా ఉంచి పొద్దున్నే టెస్ట్ రైడ్ చేస్తే "ఏమీ లేదు సార్" అనేది అందుకే. వేడెక్కిన బండి మీద వాళ్ళను ఎక్కించుకుని తిప్పండి.

ఎడమ పక్క పెద్ద కవర్ లోపల వేరియేటర్ (వేగాన్ని బట్టి తనంతట తానే గేరు మార్చే ముందు పుల్లీ), బెల్ట్, క్లచ్ ఉంటాయి. చాలామంది అదంతా సీల్ వేసిన డబ్బా అనుకుంటారు. కాదు. బెల్ట్ రాపిడికి పుట్టే వేడి బయటికి పోవాలి కాబట్టి ముందు పుల్లీకి ఫ్యాన్ రెక్కలు ఉంటాయి, అవి బయటి గాలిని లోపలికి లాగుతూనే ఉంటాయి. ఆ గాలి దారికి చాలా బండ్లలో ఒక స్పాంజి ఫిల్టర్ ఉంటుంది. ఇది ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ కాదు, దానికి వేరే చిన్న మూత. "ఎయిర్ ఫిల్టర్ కొత్తది" అని బిల్లు చూపించేవాళ్ళలో సగం మందికి ఈ రెండోది ఉన్నట్టే తెలియదు.

మామూలు స్కూటర్‌కి ఇది నిదానంగా మూసుకుపోతుంది. అడ్వెంచర్ లుక్ ఉన్న బండిని ఊరికే ఉంచం కదా! ఎత్తు ఉంది, గరుకు టైరు ఉందని కంకర రోడ్డూ, ఎర్రమట్టి బాటా, చెరువుగట్టూ అన్నీ ఎక్కిస్తాం. అలాంటి ఒక్క ఆదివారం తిరుగుడుకే స్పాంజి ఎర్రగా గట్టిపడిపోతుంది. గాలి తగ్గితే లోపల వేడి పెరుగుతుంది, బెల్ట్ అంచులు నున్నగా తేలిపోతాయి. స్పాంజి చిరిగినా, సరిగ్గా కూర్చోకపోయినా ఇంకా ఘోరం: దుమ్ము నేరుగా వెళ్ళి బెల్ట్ పొడితో కలిసి క్లచ్ షూల (క్లచ్‌లో రాపిడితో పట్టే ముక్కల) మీద పేరుకుంటుంది. షూలు అద్దంలా మెరుస్తుంటాయి, వాటి చుట్టూ ఉండే బెల్ అనే గిన్నెని సమంగా పట్టవు, పట్టీ పట్టనట్టు జారతాయి. మీకు తెలిసే వణుకు అదే.

చేయాల్సింది: ముందు స్పాంజి తీసి చూడండి. మాన్యువల్ కడగమంటే కడిగి పూర్తిగా ఆరబెట్టండి, ఆయిల్ పెట్టకూడదంటే పెట్టకండి, చిరిగితే కొత్తది వేయండి. వణుకు పోకపోతే పెద్ద కవర్ విప్పాలి. పొడిని నోటితో ఊదకండి, మాస్క్ కట్టుకుని బ్రష్‌తో, బ్రేక్ క్లీనర్‌తో తీయండి. షూల మెరుపు పోయేదాకా ఇసుక కాగితంతో తేలిగ్గా రుద్దండి, బెల్ లోపల కూడా. బెల్ నీలం రంగుకు తిరిగితే బాగా కాలిందన్నమాట, మార్చడమే మేలు. బెల్ట్‌ను వంచి పగుళ్ళు చూడండి, వెడల్పు కొలిచి మాన్యువల్లోని లిమిట్‌తో పోల్చండి. బెల్ట్ కిర్రుమంటోందని స్ప్రే ఆయిల్ కొట్టేవాళ్ళున్నారు. ఆ తర్వాత బెల్ట్ జారడం ఖాయం.

తుడిచిన నెలకే మళ్ళీ వణుకు మొదలైతే మీ కుడిచెయ్యి చూసుకోవాలి. ఫ్లైఓవర్ ఎక్కేచోట బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టడం, ట్రాఫిక్‌లో సగం తిప్పి పాకించడం, రాళ్ళ దారిలో బ్రేకూ రేసూ కలిపి పట్టడం: మూడింట్లోనూ క్లచ్ సగం పట్టి కాలుతుంటుంది. ఆగితే బ్రేకు, కదిలితే ఒక్క తీరుగా రేసు.

వాగు దాటించాక బెల్ట్ జారితే కవర్ కింద నీళ్ళు పోయే గొట్టమో బిరడానో ఉంటుంది, అది తీసి నీళ్ళు వంచేయండి. వెనక గేర్ ఆయిల్ కూడా ఒకసారి చూడండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు కలిశాయి, మార్చేయండి.

హ్యాండిల్ ఊగడం

ఇది బండి జబ్బు కంటే ఎక్కువగా లోడు జబ్బు. ఈ తరహా బండ్లలో చాలావాటికి కాళ్ళ మధ్య దిమ్మె ఉంటుంది. జూమ్ 160కీ అంతే, స్పోర్ట్ స్కూటరైన యమహా ఏరాక్స్‌కీ అంతే. గ్యాస్ సిలిండర్, బియ్యం బస్తా పెట్టే జాగా ఉండదు. కొన్నాక ఇంట్లో వచ్చే మొదటి ఫిర్యాదు ఇదే. దాంతో అందరూ వెనక టాప్ బాక్స్ బిగించి సామానంతా అందులో కుక్కుతారు. బరువంతా వెనక ఇరుసు అవతల పడి ముందు చక్రం తేలికవుతుంది. బరువైనవి సీటు కింద పెట్టండి, బాక్సులో తేలికవి. అప్పటికీ ఊగితే స్టీరింగ్ బేరింగ్ లూజుందేమో చూపించండి.

మిగతావి, అంటే వేరియేటర్ లోపలి రోలర్లు అరగడం, క్లచ్ స్ప్రింగు, ఇంజెక్టర్, సెన్సార్, ఇవన్నీ అయ్యాక చూడాల్సినవి. రోలర్లు ఎలాగూ కవర్ విప్పినప్పుడు కనబడతాయి, ఒక పక్క చదునుగా అరిగితే సెట్ మార్చండి. ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) అన్నవాడికి మాత్రం డబ్బులివ్వకండి.