తుంగ ఒకటి కాదు, రెండని తెలిశాక

పాకాల చెరువు ఆయకట్టులో మాకు రెండెకరాల పొలం ఉంది. వరిలో కలుపుగా మొలిచే తుంగతోనే మూడు పంటలు నానా టెన్షన్ పడ్డాను. దుకాణంలో గడ్డి మందు ఇస్తే కొట్టాను. ఊద గడ్డి చచ్చింది కానీ తుంగ పచ్చగానే నిలబడింది.

పెద్దబాపు ఒక కాడ తెంపి నా వేళ్ల మధ్య పెట్టి తిప్పమన్నాడు. మూడు మూలలు తగిలాయి. "ఇది గడ్డి కాదు బిడ్డా" అన్నాడు. గడ్డి జాతికి పనిచేసే మందు దీనికి పనిచేయకపోవడం అప్పుడు అర్థమైంది.

పారతో తవ్వితే నల్లటి గడ్డలు గొలుసులా బయటపడ్డాయి. పై మొక్క పీకితే కింద నిద్రపోతున్న గడ్డలు మొలకెత్తుతాయి. అంటే ఇన్నాళ్లూ నేనే పెంచాను! ఎండాకాలంలో రెండుసార్లు దున్ని, గడ్డలు ఎండలో మాడేదాకా వదిలేశాను. మడి చదును చేసి, నాటు తర్వాత రెండంగుళాల నీళ్లు నిలిపాను. మెట్టవైపు తుంగ చాలా తగ్గింది.

పల్లపు మూల మాత్రం తగ్గలేదు. అక్కడి కాడలు గుండ్రంగా ఉన్నాయి, ఆకులే లేవు, కొనకు ఒక్కటే చిన్న కంకి. అదీ తుంగ కుటుంబమే, కానీ నీళ్లంటే దానికి ప్రాణం. ఆ మూల నీళ్లు ఇంకక జాలు పట్టింది. గట్టు వెంట కాలువ తీసి నీళ్లు బయటికి పంపి, మెత్తటి నేలలో వేళ్లతో సహా పీకించాను. గింజ రాలకముందే పీకాలి, అది ముఖ్యం. ఈ యాసంగిలో ఆ మూలలో కూడా వరి దుబ్బు కట్టింది.

చెరువు అంచున ఉన్నవాటిని మాత్రం ముట్టుకోలేదు. అక్కడ అవి మట్టిని పట్టి ఉంచుతాయి.