పిట్టలను పట్టేవారు కంటపడితే ఏం చేయాలి: హైదరాబాద్ వాసులకు ఒక మార్గదర్శి

దసరాకు రెండు మూడు రోజుల ముందు నగరంలోని కొన్ని గుళ్ల దగ్గర, కూడళ్ల దగ్గర గుడ్డ కప్పిన పంజరం పట్టుకొని ఎవరో ఒకరు నిలబడతారు. చేతిలో కొంత చిల్లర పెడితే గుడ్డ పైకెత్తి పాలపిట్టను చూపిస్తారు. కూర్చున్నప్పుడు మట్టిరంగులో కనిపించే ఆ పక్షి అందం రెక్క విప్పినప్పుడే తెలుస్తుంది. పంజరంలో రెక్క విప్పే చోటుండదు, పైగా ఎగిరిపోకుండా కాళ్లకు దారం కట్టడమో రెక్కలకు జిగురు పూయడమో చేసి ఉంటారు. ఎండలో నోరు తెరుచుకొని రొప్పుతున్న ఆ పిట్టకు దండం పెట్టుకొని వెళ్లిపోయేవారిలో చాలామందికి అది తెలంగాణ రాష్ట్ర పక్షి అని తెలుసు గాని, దాన్ని పట్టడం జైలుశిక్ష పడే నేరమని తెలియదు. ఆ సంగతి తెలిసినవారు కూడా ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో తోచక ఊరుకుంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసం.

చట్టం ఏమంటుందో ముందు క్లుప్తంగా చూద్దాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022లో దానికి చేసిన పెద్ద సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఈ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టడం, ఉచ్చు లేదా వల పన్నడం, విషం పెట్టడం, ఇందులో దేనికైనా ప్రయత్నించడం, గూళ్లను, గుడ్లను పాడుచేయడం కూడా వేటే. మన చుట్టూ కనిపించే దేశీయ పక్షులలో చాలామటుకు ఈ చట్టంలోని రక్షిత జాతుల జాబితాలైన మొదటి షెడ్యూలులోనో రెండవ షెడ్యూలులోనో ఉన్నాయి. నెమలి వంటి మొదటి షెడ్యూలు పక్షిని వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా పడతాయి. రెండవ షెడ్యూలు పక్షుల విషయంలో మూడేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. ఇంట్లో పంజరంలో పెంచుకునే రామచిలుక కూడా ఈ రక్షణ కిందికే వస్తుంది కాబట్టి, "మేం చంపలేదు కదండీ, ప్రేమగా సాకుతున్నాం" అన్న మాట చెల్లదు. రక్షిత పక్షి ఒకరి స్వాధీనంలో దొరికితే అది చట్టబద్ధంగానే తన దగ్గర ఉందని నిరూపించుకోవలసిన భారం వారిదే.

అయితే పంజరంలో ఉన్న ప్రతి పక్షీ నేరానికి సాక్ష్యం కాదు. దుకాణాల్లో అమ్మే బడ్జీలు, కాకటీల్‌లు విదేశీ జాతులు. కోళ్లు, పెంపుడు పావురాలు అమ్మే చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్ వంటి పాత సంతలో అడుగుపెట్టగానే ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టేవారు ముందు ఈ తేడా తెలుసుకోవాలి. హోటళ్లకు వచ్చే జపనీస్ క్వెయిల్ ఫారాల్లో పెరిగినది. దాన్నీ, చేలల్లో వల వేసి పట్టిన అడవి పిట్టనూ అమ్మేవారు ఒకే పేరుతో "కంజు" అనడం కద్దు. రెండింటినీ వేరుపరచి చెప్పడం అటవీ సిబ్బంది పని. అనుమానం వచ్చినచోట మీరు వాదనకు దిగకుండా సమాచారం ఇస్తే సరిపోతుంది.

కొని విడిపించవద్దు

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక సిగ్నల్ దగ్గర చిన్న తీగ పంజరంలో కుక్కిన జీనువాయి (మునియా) పిట్టలను చూసి మనసు ఆగక ఒక జత కొన్నాను. ఇంటి దగ్గరి పార్కులో మూత తెరిచాను. ఒకటి ఎగిరి గోరింటాకు కంచెలో దూరింది, రెండవది గడ్డిలో నాలుగడుగులు గెంతి అక్కడే ముడుచుకుంది. చేతిలోకి తీసుకొని చూస్తే ఒకవైపు రెక్క ఈకలు కత్తిరించి ఉన్నాయి. అది సాయంత్రానికి చనిపోయింది. వారం తిరగకుండా అదే సిగ్నల్ దగ్గర ఆ మనిషి నన్ను గుర్తుపట్టి, ఎంతో ఆదరంగా, "సార్, మీ కోసం ఇంకో జోడీ తెచ్చిన" అన్నాడు. పుణ్యం చేశాననుకున్న నేను అతని లెక్కలో ఖాయమైన గిరాకీనయ్యాను. మనం ఒక జతకు చెల్లించిన డబ్బు మరో జతను పట్టడానికి ఇచ్చిన బయానా అవుతుంది. పైగా రక్షిత పక్షిని కొనడం కూడా చట్టం ప్రకారం నేరమే. దసరా రోజు పాలపిట్టను చూపినందుకు ఇచ్చే చిల్లర విషయంలోనూ లెక్క ఇదే.

ఎక్కడ, ఎప్పుడు గమనించాలి

ఈ వేటకు పండుగల క్యాలెండరు ఉంది. దసరాకు పాలపిట్ట, దీపావళి అమావాస్యకు క్షుద్రపూజల మూఢనమ్మకంతో గుడ్లగూబ, చలికాలంలో మాంసం కోసం వలస బాతులు, పంట కోతల తర్వాత కౌజులు, పూరేళ్లు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, అమీన్‌పూర్ చెరువుల వంటి చోట్ల సూదితోక బాతులతో పాటు ఎన్నో వలస పక్షులు దిగుతాయి. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అటువంటి గుర్తింపు లేని చిన్న కుంటల దగ్గరే వేటగాళ్లకు వీలెక్కువ, అందువల్ల మీ ఇంటి పక్కనున్న పేరు లేని కుంటను చూసుకోవడం ఎక్కువ ఉపయోగం.

వల కంటికి సులభంగా ఆనదు. ఒకసారి పొద్దున్నే చెరువు కట్ట వెంట నడుస్తుండగా నిలువునా పాతిన రెండు వెదురు కర్రలు కనిపించాయి. వాటి మధ్య ఏమీ లేదనుకున్నాను. సూర్యుడు కొంచెం పైకి వచ్చి మంచు బిందువులు మెరిసినప్పుడు తెలిసింది, తల వెంట్రుకంత సన్నని నైలాను వల మనిషెత్తున పరచుకొని ఉందని. మధ్యలో ఒక పిగిలిపిట్ట తలకిందులుగా వేలాడుతోంది, ఎంత గింజుకుంటే దారం అంతగా మెడకు చుట్టుకుంటోంది. పొలాల మధ్య కారణం లేకుండా పాతిన జంట కర్రలు, పొదల మొదట్లో వరుసగా కట్టిన నైలాను ఉచ్చులు, జిగురు పూసిన పుల్లలు, మనుషులెవరూ లేనిచోట స్పీకరులోంచి ఆగకుండా వినిపించే పక్షి కూత, కాలికి దారం కట్టి మేతకు విడిచిన ఒంటరి దీమంపిట్ట (మిగతా పక్షులను రప్పించే ఎరపిట్ట), గట్టున చల్లిన గింజల పక్కన చచ్చిపడిన పక్షులు, ఇవన్నీ ఆనవాళ్లు. చచ్చిన పక్షులను, గింజలను ఉత్త చేతులతో ముట్టుకోకూడదు. ఎయిర్‌గన్‌తో సరదాకు కొంగలను కొట్టేవారు మరో రకం. ఆ తుపాకీకి లైసెన్సు అక్కర్లేదని వాదిస్తారు. తుపాకీకి అక్కర్లేకపోయినా దానితో పక్షిని కొడితే నేరమే.

ఫిర్యాదు ఎలా చేయాలి

వేటగాడితో గొడవకు దిగవద్దు, వలను మీరే కోయవద్దు. కోస్తే సాక్ష్యం పోతుంది, వల వేసినవాడు చాటునే ఉంటే మీకు ప్రమాదం. దూరం నుంచి మూడు రకాల ఫొటోలు తీయండి: పరిసరాలు గుర్తుపట్టేలా ఒకటి, వల లేదా పంజరం స్పష్టంగా కనిపించేలా ఒకటి, పక్షి జాతి తెలిసేలా జూమ్ చేసి ఒకటి. బండి ఉంటే నంబరు రాసుకోండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. అసలు ఫైలును చెరపకుండా అలాగే దాచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గడమే కాక, తీసిన సమయం, చోటు వంటి వివరాలు పోతాయి కాబట్టి డాక్యుమెంట్ రూపంలో పంపాలి. ఆ మనిషి ముఖంతో సహా సోషల్ మీడియాలో పెట్టాలన్న ఉబలాటాన్ని ఆపుకోవాలి. అధికారులు చేరేలోపు సరుకు మాయమవుతుంది, పొరపాటు జరిగితే అమాయకుడి మీదికి గుంపు ఎగబడుతుంది. గూడు ఉన్న చోటును బహిరంగంగా ప్రకటించడం కూడా వేటగాడికి దారి చూపడమే.

ఆ వెంటనే అటవీ శాఖకు ఫోన్ చేయాలి. శాఖ వెబ్‌సైటులో ఉన్న టోల్‌ఫ్రీ నంబరును, మీ జిల్లా అటవీ అధికారి కార్యాలయం నంబరును ఈరోజే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. నగరం చుట్టూ హద్దులు తికమకగా ఉంటాయి. అమీన్‌పూర్ సంగారెడ్డి జిల్లాలో ఉంది, హిమాయత్‌సాగర్ రంగారెడ్డి జిల్లాలో ఉంది, నగరం నడిబొడ్డు హైదరాబాద్ జిల్లా. "అది మా పరిధి కాదు" అన్న జవాబుతో అరగంట వృథా కాకుండా మూడు నాలుగు జిల్లాల నంబర్లు దగ్గర ఉంచుకోవడం మేలు. నేరం కళ్ల ముందే జరుగుతూ ఉంటే 112కు ఫోన్ చేయవచ్చు. ఒకసారి ఒక ఠాణాలో నాకు ఇది పూర్తిగా ఫారెస్టువాళ్ల పని అని చెప్పి పంపించారు. సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని పోలీసు అధికారికి కూడా ఈ చట్టం కింద సోదా చేసే, స్వాధీనం చేసుకునే అధికారం ఉందని అప్పుడు నాకు తెలియదు. మీకు ఇప్పుడు తెలిసింది కనుక మర్యాదగా గుర్తుచేయండి. ఫోన్ తర్వాత తేదీ, సమయం, స్థలం, చూసిన విషయం మాత్రమే ఉన్న నాలుగైదు వాక్యాల లిఖితపూర్వక ఫిర్యాదు పంపి, అందినట్టు రసీదు తీసుకోండి. ఎంత కాలానికీ కదలిక లేకపోతే, 60 రోజుల నోటీసు ఇచ్చి సామాన్య పౌరుడు కూడా నేరుగా కోర్టులో ఫిర్యాదు దాఖలు చేసే వీలును చట్టం కల్పించింది.

పంచనామా మీద సంతకం

నా అభిప్రాయంలో ప్రజల మద్దతు అన్న మాటకు అసలు పరీక్ష ఇక్కడే ఉంది. సిబ్బంది వచ్చి వల, పక్షులు స్వాధీనం చేసుకునేటప్పుడు పంచనామా రాస్తారు. దానికి స్థానికులైన ఇద్దరు సాక్షులు కావాలి. అంతవరకు చుట్టూ మూగి "అయ్యో పాపం" అన్నవారు, పెన్ను బయటికి రాగానే పాలప్యాకెట్టు గుర్తొచ్చి ఒక్కొక్కరే జారుకుంటారు. కోర్టుల చుట్టూ తిరగాలన్న భయం సహజమే, నేనూ మొదటిసారి వెనక్కి తగ్గినవాణ్నే. కాని సాక్షులు లేని కేసు కోర్టులో నిలబడటం కష్టమని అధికారులకూ తెలుసు, పట్టుబడినవారికీ తెలుసు. సంతకం చేసే ముందు పంచనామా మొత్తం చదవండి, పక్షుల సంఖ్య, జాతి, బతికున్నవెన్ని, చనిపోయినవెన్ని, వలల సంఖ్య, సమయం మీరు చూసినదానితో సరిపోయాయో లేదో సరిచూడండి, తేడా ఉంటే దిద్దించండి. ఆ రోజు చూసినదాన్ని ఇంటికి వచ్చాక ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే, ఏడాది తర్వాత సమను వచ్చినప్పుడు జ్ఞాపకం చేసుకోవడానికి ఆసరాగా ఉంటుంది. కాలనీలో ఒక్కరే ముందుకు రావడం కష్టం కాబట్టి, సాక్ష్యానికి సిద్ధమైన నలుగురైదుగురి పేర్లు ముందే అనుకొని ఉంచుకోవడం మంచిది.

సిబ్బంది వచ్చేలోపు గాయపడిన పక్షి మీ చేతికి వస్తే, గాలి ఆడేందుకు రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి అందులో ఉంచి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్నచోట పెట్టండి. నోట్లో నీళ్లు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో చాలాకాలంగా ఉన్న చిలుకను వదులుకోదలచినవారు కూడా దాన్ని డాబా మీద నుంచి ఎగరవేయకుండా అటవీ శాఖకు అప్పగించాలి. మేత వెతుక్కోవడం మరచిన పక్షి బయట బతకడం కష్టం.

కాలనీని కలుపుకోవడం

చట్టం ఉన్నంత మాత్రాన వేట ఆగదనడానికి నాగాలాండ్ ఉదాహరణ చాలు. 2012 శరత్కాలంలో దోయాంగ్ జలాశయం దగ్గర లక్షకు పైగా అముర్ డేగలను వలలతో పట్టి చంపారని అంచనా. ఆ మరుసటి ఏడాదే, 2013లో, పాంగ్తి వంటి గ్రామాలవారు తమలో తాము తీర్మానం చేసుకొని వేట మానేశారు. చట్టం రెండేళ్లూ ఒక్కటే, మారినది ఊరి మాట. అంత దూరం పోనక్కరలేదు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా వచ్చే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను ఊరివారు తమ ఆడపడుచుల్లా చూసుకుంటారు.

నగరంలో ఊరి కట్టుబాటు ఉండదు, దాని స్థానంలో వాట్సాప్ గ్రూపు, అపార్ట్‌మెంటు సంఘం, బడి ఉన్నాయి. దేవీ నవరాత్రులకు ముందే గుడి కమిటీ పెద్దలను కలిసి, ప్రాంగణంలో పంజరపు పాలపిట్టను అనుమతించవద్దని అడగండి. పూజారిగారు మైకులో ఒక్క మాట చెబితే మన పది కరపత్రాలకన్నా ఎక్కువ పని జరుగుతుంది. కుంట పక్కన మేకలు కాచేవారితో, చేపలు పట్టేవారితో పరిచయం పెంచుకోండి, వల ఎవరు వేశారో అందరికంటే ముందు తెలిసేది వారికే. గులేరు పట్టుకొని తిరిగే పిల్లలను గద్దించే బదులు ఒక ఆదివారం బైనాక్యులర్ చేతికిచ్చి చెరువు గట్టుకు తీసుకెళ్లండి. 1980 నుంచి పనిచేస్తున్న డెక్కన్ బర్డర్స్ వంటి పక్షి వీక్షకుల బృందాలతో కలిస్తే జాతులు గుర్తుపట్టడం తొందరగా వస్తుంది. ఇక ఆ సిగ్నల్ దగ్గర పిట్టలు అమ్మేవాడు ఈ గొలుసులో అందరికంటే తక్కువ సంపాదించేవాడన్నది మరవవద్దు. అతని కులాన్నో బస్తీనో తిట్టిపోయడం వల్ల ఒరిగేదేమీ లేదు, గిరాకీ తగ్గించడం మీద దృష్టి పెట్టాలి.

పంజరంలో చూపించవద్దంటే "మరి దసరాకు పాలపిట్టను ఎట్లా చూడాలి?" అని ఇంట్లో పెద్దవారు అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్న. పండుగ రోజు తెల్లవారగానే, లేదా పొద్దు వాలే ముందు, వారిని బండిలో ఎక్కించుకొని చేవెళ్ల వైపో శంషాబాద్ దాటి పొలాల వైపో వెళ్లండి. చేల పక్కన కరెంటు తీగల మీద, ఒంటరి స్తంభాల మీద, మోడు కొమ్మల మీద కళ్లు పెట్టి చూస్తూ నెమ్మదిగా పోనివ్వండి. మట్టిరంగు పిట్ట ఒకటి కనిపిస్తే బండి ఆపి, ఇంజను కట్టేసి, మిడతను చూసి అది కిందికి దూకేదాకా ఓపిక పట్టండి.