చెత్త ప్లాంట్ పర్యవేక్షణ కమిటీలో చేరుతున్నారా? ముందు ఆగిన గంటల లెక్క అడగండి

మా దగ్గరి చెత్త శుద్ధి ప్లాంట్ పర్యవేక్షణ కమిటీలో చుట్టుపక్కల కుటుంబాల తరఫున ఏడేళ్లుగా ఉన్నాను. మొదటి ఏడాదంతా ప్లాంట్ వాళ్లు వేసిన స్లైడ్లు చూసి, పొగలో కాలుష్యం నెల సగటు పరిమితిలోనే ఉందంటే నమ్మి ఇంటికొచ్చేశాను. ఆ ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే కొత్తవాళ్లకు ముందుగా ఈ మాట చెబుతాను. సగటు ఎంతో కాదు, ఆగిన గంటలు ఎన్నో అడగండి. చెత్త కాల్చే ఫర్నేస్ ఎప్పుడు ఆగింది, మళ్లీ ఎప్పుడు వెలిగించారు, పొగను కొలిచే మీటర్ ఎన్ని గంటలు పనిచేయలేదు? చెత్త కాల్చినప్పుడు వచ్చే వాయువులు కనీసం 850 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2 సెకన్లు ఉండాలని యూరోపియన్ యూనియన్ నిబంధన. వేడి చాలకపోతే డయాక్సిన్ల లాంటి విషాలు మిగిలిపోతాయి. వెలిగించేటప్పుడు, ఆర్పేటప్పుడే ఆ ప్రమాదం ఎక్కువ. ఆ నిబంధనల్లోనే చిమ్నీలో డయాక్సిన్లను మామూలుగా ఏడాదికి కనీసం 2 సార్లు కొలవాలని ఉంది. ఒక్కో శాంపిల్‌కు 6 నుంచి 8 గంటలు పడుతుంది. ఏడాదిలో 8,760 గంటలుంటే, ఈ లెక్కన కొలిచేది మహా అయితే 16. అవీ ప్లాంట్ సాఫీగా నడిచిన గంటలే అయితే, మనకు ముఖ్యమైన గంటలు రిపోర్టులోకే రావు.

మీటింగ్‌కు వెళ్లే ముందు అనుమతి పత్రం పూర్తి కాపీ తెప్పించుకుని, ప్రతి షరతు పక్కన ఒక ప్రశ్న రాసుకోండి. మీటర్ల లెక్కలు గంట గంటకూ ఉన్న ఫైల్‌గానే కావాలనండి. ఒకసారి నాకిచ్చిన ఫైల్‌లో తెల్లవారుజామున 3 నుంచి 9 దాకా ధూళి అంకె 4.7 దగ్గరే ఉంది. పాయింటు తర్వాతి అంకె కూడా మారలేదు. పొగ అలా ఉండదు, క్షణక్షణం మారుతుంది. అడిగితే వెళ్లి చూశారు. శాంపిల్ లాగే గొట్టం మూసుకుపోయింది. ఆ ఆరు గంటలూ సగటులో మంచి గంటలుగా కలిసిపోయాయి.

ప్లాంట్‌లోకి వెళ్లాక నీళ్ల వెంట నడవండి. చెత్తలోంచి ఊరే నల్లటి నీరు, లీచేట్, ఏ గుంటలోకి పోతోంది, గట్టు వాన పడినా ఆపేంత ఎత్తుందా, చుట్టూ భూగర్భ జలం పరీక్షకు వేసిన బోర్ల మూతలు సరిగా ఉన్నాయా చూడండి. తర్వాత నిప్పు సంగతి. చెత్తలో కలిసొచ్చిన లిథియం బ్యాటరీ నలిగితే అంటుకుంటుంది, కుప్ప లోపల గంటల తరబడి రాజుకుంటూ ఉంటుంది. దాన్ని ఆర్పిన నీళ్లలో విషాలన్నీ ఉంటాయి. అవి బయటికి పోకుండా వాన నీటి కాలువకు ఒక వాల్వ్ ఉండాలి. మా ప్లాంట్‌లో ఉందన్నారు, డ్రాయింగ్‌లోనూ ఉంది. "ఒకసారి తిప్పి చూపిస్తారా?" అన్నాను. ఇద్దరు మనుషులు ఇనుప పైపు పెట్టి తిప్పినా చక్రం కదల్లేదు. తుప్పు పొట్టు రాలి చేతులు ఎర్రబడ్డాయి. అప్పటి నుంచి దేన్నీ "ఉందా" అని అడగను, నడిపి చూపించమంటాను. మంటలార్పే నీటి కుళాయి, హైడ్రంట్, తెరవమనండి, అలారం మోగించమనండి.

వాసనను తేలిగ్గా తీసుకోవద్దు. కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. మోతాదు బాగా పెరిగితే, సుమారు 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు) దగ్గర, ముక్కు దాన్ని పట్టలేదు. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని అనుకోకూడదు. లీచేట్ గుంటల్లోకి, మ్యాన్‌హోల్స్‌లోకి దిగేవాళ్లు ముందు గ్యాస్ పరీక్ష చేశారా, పైన కాపలా ఎవరున్నారు, పైకి లాగడానికి తాడు, స్టాండు ఉన్నాయా అని తప్పకుండా అడగండి. పడిపోయినవాణ్ణి కాపాడాలని తోటివాడు అలాగే దిగితే ఇద్దరూ పోతారు. వాళ్లూ మన మనుషులే. షిఫ్ట్ మారే వేళ కాంట్రాక్ట్ కార్మికులతో, సూపర్‌వైజర్ లేని చోట, పది నిమిషాలు మాట్లాడండి. పేర్లు మాత్రం ఎక్కడా రాయొద్దు.

చుట్టుపక్కల ఇళ్లవాళ్ల చేత చిన్న నోట్‌బుక్ రాయించండి. తేదీ, సమయం, గాలి ఎటు నుంచి వీస్తోంది, వాసన ఎలాంటిది, ఎంతసేపు. నెలాఖరున దాన్ని ఆగిన గంటల లెక్క పక్కన పెట్టి చూడండి. మాకు మొదటిసారి అలా చూసినప్పుడే మూడు రాత్రులు సరిగ్గా కలిశాయి. ఆ కాగితాలు బల్ల మీద పెట్టాక "ఊరికే ఫిర్యాదు చేస్తున్నారు" అన్న మాట మళ్లీ రాలేదు.

ప్రతి లోపానికీ ఎవరు, ఏ తేదీలోగా బాగుచేస్తారో మినిట్స్‌లో రాయించి, వచ్చే మీటింగ్ దాంతోనే మొదలుపెట్టించండి. ఆ వాల్వ్ మార్చడానికి మాకు మూడు మీటింగులు పట్టింది. ఇప్పుడు దానికి ఒక అట్టముక్క కట్టి ఉంటుంది, తిప్పిన ప్రతిసారీ తేదీ, సంతకం. వెళ్లినప్పుడల్లా నేనూ ఒక చుట్టు తిప్పి చూసి వస్తాను.